తామర

కాల్బుకోలో వాన కురవదు, కాపురముంటుంది.
ఇంటి రేకుల మీద, కట్టెల గుట్ట మీద,
నాలుగు రోజులుగా తీగె మీద ఆరని
ఉబెర్లిండా మేజోళ్ళ మీద.

ఆల్చిప్పల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు ఆమెది.
మోకాళ్ళదాకా తెల్ల రబ్బరు బూట్లు.
బూట్లలో పది గంటలు
తమ చెమటలో తామే నానే రెండు పాదాలు.
తెల్లవారి ఊడదీస్తే
నీళ్ళలో మరిచిపోయిన దుంపతొక్కలా ముడతలు.
చిటికెన వేలికీ పక్క వేలికీ నడుమ
తెల్లగా పాచిన చర్మం, దాని కింద ఎర్రటి చీలిక.
దురద మాత్రం
ఆమె పక్కమీద వాలాకే నిద్రలేస్తుంది.

పాదాలను పద్మాలన్నారు మన కవులు.
పద్మమన్నా తామరే, ఈ దురద పేరూ తామరే.
తడి ఉన్నచోట విచ్చుకోవడం రెంటికీ అలవాటు.
ఈ శ్లేష ఆమెకు చెప్పలేను. తెలుగు రాదు.
వచ్చినా, ఆ మార్చిలో
నవ్వే ఓపిక లేదు.

మొదట వెల్లుల్లి నూరి కట్టింది. బొబ్బ లేచింది.
తర్వాత మందులకొట్లో ట్యూబు కొని
తొమ్మిది రోజులు రాసింది.
దురద పోయింది, మూత పెట్టేసింది.
మూడో వారం మళ్ళీ వచ్చింది
చుట్టంలా కాదు, ఇల్లు తనదైనట్టు.

ఈసారి ఒంటరిగా రాలేదు.
మొగుడు బెలార్మీనో గజ్జల్లో గుండ్రటి మచ్చ.
ఒకే తువ్వాలు కదా, ఒకే తొట్టి కదా.
"ఏమిటే ఇది?" అంటే
"ఉప్పుగాలి" అంది గోడవైపు తిరిగి.
గోడ మీద, చిన్నవాడు పడుకునే వైపు,
నల్లని చుక్కలు. బూజు.
గోడ కూడా ఏదో దాస్తున్నట్టే ఉంది.

లాకర్ల గదిలో ముసలి ఎలెయుతేరియో చూశాడు.
ఆమె పాదం దాచుకోబోతుంటే
మాట్లాడకుండా తన కుడి బూటు విప్పాడు.
నాలుగే వేళ్ళు.
"చక్కెర జబ్బు నాది. చీలిక నీదంతే ఉండేది.
సిగ్గుపడి ఏడాది దాచాను.
వేలు పోయింది, సిగ్గూ పోయింది."
ఇద్దరూ నవ్వారు. ముందు ఆయనే.

ఆ తర్వాత చెప్పాడు
చేపకు పొలుసు తీసినంత మామూలుగా:
"వేళ్ళ సందులు తుడుచుకో,
పసివాడి చెవి వెనక తుడిచినట్టు. రుద్దకు, అద్దు.
పాదాలకో తువ్వాలు, మిగతా ఒంటికో తువ్వాలు.
మేజోళ్ళు ముందు, లోదుస్తులు తర్వాత.
నవ్వకు, మీ ఆయనకు చెప్పు, అది పైకెక్కేది ఆ దారినే.
స్నానాల గదిలో నేల అందరిదీ, చెప్పులు నీవి.
ఇక ట్యూబంటావా,
దురద పోయిన రోజు జబ్బు పోయిన రోజు కాదు.
ఆ పైన రెండు వారాలు రాయి.
నొప్పికాలికి ఎవడైనా రాస్తాడు,
బాగున్న కాలికి రాయడమే కష్టం."
"అప్పటికీ తగ్గకపోతే?"
"డాక్టరమ్మ ఉంది. నాలా ఏడాది ఆగకు."

ఆదివారం మంచాన్ని గోడకు జానెడు ఎడంగా జరిపారు.
బెలార్మీనో ముక్కుకు గుడ్డ కట్టుకుని
సబ్బునీళ్ళతో గోడ తోమాడు.
బ్లీచింగులో వెనిగరు పోయబోతే
ఉబెర్లిండా సీసా లాక్కుంది:
"ఆ రెండూ కలిస్తే మనకు ఊపిరాడదు."
వాన పడుతుండగానే కిటికీ తెరిచింది.
"వేడంతా పోతోంది" అని అత్త గొణిగింది.
"తడి కూడా" అంది కోడలు.

బట్టలు ఆరేయడానికి మాత్రం
పొయ్యి పైన తప్ప చోటు దొరకలేదు.
ఆవిరి మళ్ళీ ఆ గోడకే.
ఒక్క ఆదివారంలో అన్నీ తేలవు.

ఇప్పుడు క్యాలెండరు మీద పెన్సిల్ గీతలు.
దురద లేక ఇది పదకొండో రోజు.
బయట షిఫ్టు బస్సు హారన్ కొడుతోంది.
ఆమె పీట మీద కాలు పెట్టి
ట్యూబు తోక మడిచి నొక్కుతోంది,
ఇంకా ఉంది, ఇంకొంచెం ఉంది.

తలుపు పక్కన నిన్నటి జత బూట్లు.
లోపల ఉండచుట్టి కుక్కిన పేపరు,
మొదటి పేజీలో ఎవరో మంత్రిగారి మొహం
నిదానంగా
తడి పీలుస్తోంది.